పత్తికొండ తుపాకీ, టెక్సాస్ మనుబోతు: ఒక వేట ప్రయాణం ఫైలు

2023 మే. కోర్టుకు ఎండాకాలం సెలవులు. ఆఫీసులో నేనూ ఫ్యానూ తప్ప ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, పత్తికొండ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కర్నూల్లో లాయరునైన నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఆయుధ లైసెన్సుల ఫైళ్ళే. తాత పోయాక మనవడి పేరుకు మారాల్సిన తుపాకులు, రెన్యూవల్ దగ్గర ఆగిపోయినవి, ఎలక్షన్లప్పుడు స్టేషన్లో జమచేసి వెనక్కి రానివి. ఆయన సంచిలోంచి లైసెన్సు పుస్తకం తీసి బల్ల మీద పెట్టేసరికి ఇదీ రెన్యూవలే అనుకున్నాను. పుస్తకం పక్కన ఫోన్ పెట్టి ఒక వీడియో నొక్కాడు. ఎండిన గడ్డిబీడు, అందులో ఎద్దంత పొడుగున్న బూడిదరంగు జంతువు.

"ఇది మనుబోతు గదా సార్?"

మనుబోతే, నీల్‌గాయ్ అంటారే అది. యాడిదన్నా అని అడిగా.

"టెక్సాస్‌ది. మావాడు పంపినాడు. ఆడ దీన్ని కొట్టొచ్చంట, కేసుండదంట. నన్ను రమ్మంటాండాడు." లైసెన్సు పుస్తకం మీద వేలు పెట్టాడు. "దీన్ని ఏసుకొని పోవచ్చునా?"

ఆ ఫైలు నేను మూసేసరికి ఏడాది దాటింది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు, చుట్టరికాలు కొంచెం మార్చాను గానీ కాగితాలు ఏ వరసలో నడిచాయో అది మార్చలేదు. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళలో ఇలాంటి కోరిక ఈమధ్య రెండు మూడుసార్లు విన్నాను. అందుకే ఈ ఫైలు పూర్తిగా.

మనిషి, తుపాకీ

రైతు. బోరు కింద బుడ్డలు, అంటే వేరుశనగ, కొంత టమాట. రికార్డు ప్రకారం పుట్టినది 1967 జూలై 1. బడిలో వేసిన తేదీ అది. మన జిల్లాలో ఆ తరంవాళ్ళు ఎంతమంది జూలై ఒకటినే పుట్టారో పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళకే తెలియాలి. ఈ తేదీ తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తుపాకీ 12 బోర్ డబుల్ బ్యారెల్, తండ్రి నుంచి వచ్చింది. 2016 ఆయుధ నియమాల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే 25వ నియమం కింద నేనే పెట్టించిన ఫైలు. పంటకు కాపలా అని కారణం రాసుంటుంది. ఆ కారణాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అడవిపంది చేలో పడితే గాల్లోకి పేల్చి బెదరగొట్టడానికి పనికొస్తుంది గానీ, పందిని కొట్టడానికి అది అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంటకు నష్టం చేస్తున్న జంతువునైనా సరే, 11వ సెక్షన్ కింద అధికారం ఉన్నవాళ్ళు ఆ జంతువు విషయంలో రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే. కృష్ణజింకయితే మొదటి షెడ్యూలు, పైగా రాష్ట్ర జంతువు. ఆలూరు, హాలహర్వి వైపు శనగచేలల్లో పడి మేసిపోతుంటే రైతులు డబ్బాలు వాయించుకుంటూ రాత్రంతా కూర్చుంటారు తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు.

టెక్సాస్‌లో కథ తిరగబడింది. మనుబోతుల్ని 1930 ప్రాంతంలో దక్షిణ టెక్సాస్‌లో కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల భూమిలో వదిలారు. ఆ దశాబ్దంలోనే కృష్ణజింకల్ని, చుక్కల దుప్పుల్ని కూడా తీసుకెళ్ళారు. అక్కడి చట్టం దృష్టిలో ఇవన్నీ బయటి నుంచి వచ్చిన జంతువులు. సీజను లేదు, ఎన్ని కొట్టాలన్న లెక్క లేదు. భూమి యజమాని ఒప్పుకోవాలి, వేట లైసెన్సు ఉండాలి. ఇంతే. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన మొహంలో కనిపించిన భావం నాకింకా గుర్తుంది. ఆశ్చర్యం కాదు, ఉక్రోషం. "అయితే మన జింకలు ఆడికి పోయి సస్తాండాయా!"

తుపాకీ తీసుకెళ్ళాలా

చట్టంలో దారి ఉంది. ఆయుధ చట్టం 10వ సెక్షన్ ప్రకారం దేశం బయటికి ఆయుధం తీసుకెళ్ళాలంటే లైసెన్సు కావాలి. అయితే ఇక్కడ చట్టబద్ధంగా తుపాకీ ఉంచుకోగలిగిన మనిషి, తన సొంత వాడకానికి, సబబైన మోతాదులో తీసుకెళ్ళడానికి మినహాయింపు అందులోనే ఉంది. పుస్తకం చదివి చెప్పే లాయరయితే "తీసుకుపో అన్నా" అనేస్తాడు.

నేను లైసెన్సు పుస్తకం తిప్పి, చెల్లుబాటు ఎక్కడిదాకా అన్న గడి చూశాను. ఆంధ్రప్రదేశ్ అని ఉంది. విమానం ఎక్కేది శంషాబాద్‌లో. 2014 జూన్ 2కు ముందయితే ఇబ్బంది లేదు, అది మన రాష్ట్రమే. ఇప్పుడు కర్నూలు ఊరు దాటి తుంగభద్ర బ్రిడ్జి ఎక్కి దిగితే తెలంగాణ. అమెరికా సరిహద్దు సంగతి దేవుడెరుగు, అలంపూర్ చౌరస్తా చేరేలోపే ఆయన చేతిలో తుపాకీ చెల్లని తుపాకీ అయిపోతుంది. అన్ని రాష్ట్రాలకూ చెల్లుబాటు పెంచమని కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పంట కాపలా తుపాకీకి దేశమంతా ఎందుకని అడుగుతారు. టెక్సాస్‌లో మనుబోతును కొట్టడానికని రాస్తే ఆ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుంటుందో నేను చెప్పలేను.

అది దాటినా ముందు ఇంకా చాలా ఉంది. అమెరికాలోకి తాత్కాలికంగా తుపాకీ తెచ్చుకునే విదేశీయుడు అక్కడి ఏటీఎఫ్ అనే శాఖకు 6ఎన్‌ఐఏ అనే ఫారం ముందుగా పెట్టి మంజూరు తెచ్చుకోవాలి. ఆ ఫారానికి టెక్సాస్ వేట లైసెన్సు నకలు జతచెయ్యాలి. విమానంలో తుపాకీ ఖాళీగా, తాళమేసిన గట్టి పెట్టెలో, చెకిన్ సామానులో, ముందే చెప్పి ఎక్కించాలి. తూటాలు మనిషికి 5 కిలోలు మించకూడదు. మధ్యలో దిగే గల్ఫ్ దేశం అనుమతి వేరే. తిరిగొచ్చేటప్పుడు ఇదే తుపాకీ ఇక్కడి నుంచే పోయిందని శంషాబాద్ కస్టమ్స్‌కి రుజువు చూపించాలంటే, పోయేరోజునే అక్కడ ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోవాలి. రాయించుకోకపోతే అది విదేశాల నుంచి దిగుమతి చేస్తున్న ఆయుధం లెక్కలో పడుతుంది. పోవడంకన్నా రావడం కష్టం.

ఇంతా చేసి తీసుకెళ్ళేది ఏమిటి? ఎల్‌జీ, ఎస్‌జీ అనే గుళ్ళ తూటాలు పేల్చే పాత 12 బోర్. మనుబోతు మగది రెండు వందల కిలోల పైమాటే, గట్టి ప్రాణం. అక్కడివాళ్ళు దానికి పెద్ద రైఫిళ్ళు వాడతారు. ఈ గన్నుతో దాన్ని గాయపరచడమే తప్ప పడగొట్టడం కష్టం. ఈ మాట చట్టం చెప్పిన మాటలన్నింటికన్నా ఆయనకు బాగా ఎక్కింది.

"అయితే మా నాయన తుపాకీ ఇంట్లోనే ఉండనీ సార్."

ఇంట్లో కూడా ఉండకూడదు. దాని సంగతి తర్వాత.

వీసా ఫారంలో రెండు గళ్ళు

అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపేది మామూలుగా ట్రావెల్స్ కుర్రాళ్ళు. వాళ్ళు చాలా ప్రశ్నలకు చూడకుండానే "నో" కొట్టుకుంటూ పోతారు. ఈ ఫారం మా ఆఫీసులోనే నింపించాను, రెండు గళ్ళ కోసం.

మొదటిది, ఎప్పుడైనా అరెస్టయ్యారా లేక శిక్ష పడిందా అన్నది. కేసు కొట్టేసినా చెప్పాల్సిందే, ఎందుకంటే అడిగింది శిక్ష గురించి మాత్రమే కాదు, అరెస్టు గురించి కూడా. పెద్దాయన మీద 1997లో ఊరి తగాదాల్లో ఒక కేసు ఉంది. పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. 2003లో కోర్టు కొట్టేసింది. ఆ రోజుల్లో మా పల్లెల్లో ఎఫ్‌ఐఆర్‌లో పేరు లేని మగవాణ్ణి వెతకాలి. గొడవ జరిగిన రోజు పెళ్ళికి వేరే ఊరు పోయినవాడి పేరు కూడా రాసేవాళ్ళు. ఆయన చెప్పింది ఒకటే మాట: "కొట్టేసినారు గదా, ఇంగ ఎందుకు చెప్పాల?" ఇక్కడ నేను గట్టిగా నిలబడ్డాను. కేసును ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవచ్చు, దాచినందుకు మాత్రం జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు. "యస్" కొట్టి, కింద నాలుగు వాక్యాల్లో రాసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీయించి, ఇంగ్లీషు అనువాదం జతచేశాం. పాత రికార్డు గదిలోంచి ఆ కాపీ తీయించడానికి నెలపైన పట్టింది. ఈ మొత్తం పనిలో వీసా స్లాటుకన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది అదే.

రెండో గడి, ఆయుధాలు పేలుడు పదార్థాల వంటివాటిలో ప్రత్యేక శిక్షణ ఏమైనా ఉందా అన్నది. పంట కాపలాకు డబుల్ బ్యారెల్ ఉండటం ప్రత్యేక శిక్షణ కాదని నా అభిప్రాయం, "నో" పెట్టించాను. కానీ ఇంటర్వ్యూలో తుపాకీ మాట వస్తే దాచొద్దని, లైసెన్సు జిరాక్సు ఫైల్లో పెట్టుకోమని చెప్పాను.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అక్టోబర్‌లో ఇంటర్వ్యూ. పాత కేసు మీద మూడు ప్రశ్నలు, ఇంకా తేల్చలేదని చెప్పే 221(జి) కాగితం, మూడు వారాలు ఎదురుచూపులు, ఆ తర్వాత వీసా. తుపాకీ గురించి ఎవరూ అడగలేదు. అక్కడ ఏం చేస్తారని అడిగితే కొడుకును చూస్తాను, పొలం చూస్తాను, పందుల్ని కొడతాను అన్నాడట. ఆఫీసరు నవ్విందట.

నేను చేసిన తప్పు

ఇప్పటిదాకా చెప్పిన పని నాకు అలవాటైనదే. తప్పు జరిగింది నాకు అలవాటు లేని చోట.

తుపాకీ ఇక్కడే వదిలేయాలని తేలాక, అక్కడ కొడుకు రైఫిల్‌తో కొట్టాలని అనుకున్నాం. కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం, ఇల్లు కొన్నాడు, ఏడేళ్ళయింది. 2022లో రైఫిల్ కూడా కొన్నాడు. "మావాడు అమెరికాలో సెటిలైనాడు" అని పెద్దాయన మొదటిరోజే అన్నాడు. సెటిలయ్యాడంటే గ్రీన్ కార్డు అని నేనే అనుకున్నాను. ఇక్కడ క్లయింటు మాట దేన్నీ కాగితం చూడకుండా నమ్మని మనిషిని, ఆ ఒక్క మాట మాత్రం ఆరు నెలలు మోశాను.

నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున వీడియో కాల్. టికెట్లు ఎప్పుడు చెయ్యాలి, ఏ రాంచ్, ఎన్నిరోజులు అని మాట్లాడుకుంటున్నాం. ముందు పందివేట, వీలైతే మనుబోతు అన్నాడు కుర్రాడు. "పందులకి లైసెన్సు కూడా అక్కర్లేదు అంకుల్, 2019లో తీసేశారు." అది నిజమే. సొంత భూముల్లో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందుల్ని కొట్టడానికి టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి వేట లైసెన్సు అవసరం లేదు. నేనూ తలూపాను. తర్వాత మాటల్లో, దీపావళికి ఎందుకు రాలేదురా అని తండ్రి అడిగితే, "స్టాంపింగ్‌కి డేట్లు దొరకలేదు నాన్నా" అన్నాడు.

స్టాంపింగ్! అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోవడం. గ్రీన్ కార్డు ఉన్నవాడికి స్టాంపింగ్ ఏమిటి?

"నీది ఏ వీసా నాయనా?"

"హెచ్-1బి అంకుల్. ఐ-140 అయింది, ప్రయారిటీ డేట్ రావాలి."

అంటే ఉద్యోగం మీద ఇచ్చే తాత్కాలిక వీసా. గ్రీన్ కార్డు వరసలో ఇంకా నిలబడే ఉన్నాడు. ఇక్కడ అసలు ముడి చెప్పాలి. అమెరికాలో రెండు చట్టాలు పక్కపక్కన నడుస్తాయి. ఏ జంతువును ఎప్పుడు కొట్టాలో చెప్పేది రాష్ట్రం. తుపాకీ ఎవరి చేతిలో ఉండకూడదో చెప్పేవాటిలో కేంద్రం ఒకటి. ఆ కేంద్ర చట్టం ప్రకారం, నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా మీద ఉన్నవాడు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోకూడదు. టూరిస్టు బి-2 అయినా, హెచ్-1బి అయినా, ఎఫ్-1 విద్యార్థి అయినా అంతే. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. వాటిలో మామూలు మనిషికి అందేది ఒకటి: అమెరికాలో ఇచ్చిన, గడువు ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉండటం.

కాబట్టి పందిని కొట్టడానికి టెక్సాస్ లైసెన్సు అడగదు. కానీ తుపాకీ పట్టుకోవడానికి మన తండ్రీకొడుకులకి ఆ లైసెన్సే ఆధారం. రాష్ట్రం అక్కర్లేదన్న కాగితాన్ని కేంద్రం ఉండాలంటోంది. పక్కింటి అమెరికన్ స్నేహితుడికి పనికొచ్చిన సలహా వీళ్ళకి పనికిరాదు. యూట్యూబ్‌లో చూసినా, రాంచ్ వాళ్ళని అడిగినా "నో లైసెన్స్" అనే చెబుతారు, వాళ్ళు అబద్ధం చెప్పడంలేదు కూడా.

"రైఫిల్ కొన్నప్పుడు నీకు లైసెన్సు ఉండాలే?"

"ఉంది అంకుల్. షాపులో అడిగారు, చూపించాను."

"అది తీసి చదువు. గడువు ఎప్పటిదాకా?"

కుర్రాడు పక్క గదిలోకి వెళ్ళాడు. డ్రాయర్లు తీస్తున్న చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు ఫోన్ కెమెరా ఎటో తిరిగి ఉంది, మాకు ఫ్యాను ఒక్కటే కనిపిస్తోంది. "ఆగస్టు 31" అన్నాడు.

టెక్సాస్ వేట లైసెన్సుల ఏడాది సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది, నువ్వు ఎప్పుడు కొన్నా సరే. అంటే రెండున్నర నెలలుగా రైఫిల్ అతని అల్మారాలో ఉంది, లైసెన్సు లేదు. కేంద్ర చట్టంలో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 2022లో పదిహేనేళ్ళకు పెంచారు. అది అసలు శిక్ష. హెచ్-1బి మనిషికి దాని వెంట వచ్చే ఇమ్మిగ్రేషన్ చిక్కు వేరే.

నేను అమెరికా లాయర్ని కాను. ఇది ఇక్కడే ఆపి, అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరుకి రేపటిదాకా ఆగకుండా ఫోన్ చెయ్యమన్నాను. వాళ్ళిద్దరి మధ్య ఏం నడిచిందో నేను అడగలేదు, అడగకూడదు. కొత్త లైసెన్సు వెంటనే వచ్చిందని మాత్రం తెలుసు. ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకి అప్పట్లో 25 డాలర్లు. ఇరవై ఐదు డాలర్ల కాగితం మరిచిపోవడం మీద ఏడేళ్ళ అమెరికా బతుకు నిలబడి ఉందని తెలిశాక, ఆ ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా తినలేదని పెద్దాయన తర్వాత చెప్పాడు.

ఇప్పుడు ఇలాంటి ఫైలు వస్తే మొదటి కాగితం మీద మొదటి ప్రశ్న ఇదే రాస్తాను: తుపాకీ ముట్టుకునే ప్రతి మనిషిదీ ఏ వీసా?

తండ్రి లైసెన్సు, అయిదు రోజుల లెక్క

టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట శిక్షణ కోర్సు చెయ్యాలి. కొడుకు ఆన్‌లైన్‌లో చేసి ఉన్నాడు. తండ్రికి అక్కర్లేదు, బడి పంతులు వేసిన జూలై ఒకటి పుణ్యమా అని. అసలు పుట్టింది ఇంకా ముందేనట.

బయటివాళ్ళకి లైసెన్సులు రకరకాలు. అన్నింటికీ పనికొచ్చేది అప్పట్లో 315 డాలర్లు. అక్కడి సొంత జింకల్ని కొట్టే ఉద్దేశం లేకపోతే 48 డాలర్లకి వరసగా అయిదు రోజులు చెల్లేది ఒకటి ఉంది, మనుబోతు లాంటి బయటి జంతువులకి అది చాలు. కుర్రాడు 48 డాలర్లదే బుక్ చేస్తానన్నాడు. వేట శుక్ర, శని, ఆదివారాలు. నేను వాళ్ళ ప్లాను మొత్తం పంపమన్నాను. ముందు శనివారం డల్లాస్‌లో షూటింగ్ రేంజ్‌కి తండ్రిని తీసుకెళ్ళి రైఫిల్ అలవాటు చేయిస్తానని అందులో ఉంది.

ఆ శనివారం అయిదు రోజుల్లోకి రాదు. రేంజ్‌లో పట్టుకున్నా పట్టుకున్నట్టే. బుధవారం నుంచి ఆదివారం దాకా లైసెన్సు పెట్టించి, రేంజ్‌ను బుధవారం సాయంత్రానికి మార్పించాను. సోమవారం నుంచి తండ్రి ఆ రైఫిల్ పెట్టె వైపు చెయ్యి కూడా చాపకూడదని రాసి పంపాను. కొడుకు "మరీ ఇంతనా అంకుల్" అని ఒక బొమ్మ పెట్టాడు. అంతే మరి.

జంతువు విషయంలో కూడా ఒక మాట పట్టుబట్టాను: కృష్ణజింక వద్దు. అక్కడ అది నేరం కాదు, మన వన్యప్రాణి చట్టం అక్కడికి పోదు. కానీ ఫొటో మాత్రం ఇక్కడికి వస్తుంది. కర్నూలు జిల్లా మనిషి, చేతిలో తుపాకీ, కాళ్ళ దగ్గర కొమ్ములు తిరిగిన కృష్ణజింక. ఆ ఫొటో ఎక్కడ తీసిందో చూసినవాళ్ళకి ఎవరు చెబుతారు?

ఖాకీ సంచి

జనవరిలో ప్రయాణం. నాలుగు రోజుల ముందు, సర్దిన సామాను ఇల్లు కదిలేముందు నేను చూడాలని అడిగాను. వేటకీ తుపాకీకీ అలవాటైన మనిషి సామాను మిగతావాళ్ళ సామానులాంటిది కాదు. పెద్దాయన పెద్ద సూట్‌కేసు, దాని మీద పాత ఖాకీ గుడ్డసంచి తెచ్చాడు. క్యాబిన్‌లో చేత్తో పట్టుకునేందుకు, మందులూ కాగితాలూ పెట్టుకోవడానికి. రాత్రిళ్ళు చేను కాపలాకు వెళ్ళేటప్పుడు భుజాన వేసుకునే సంచి అదే.

నేను మందులు, కళ్ళజోడు, ఫైలు తీసి పక్కన పెట్టి సంచి బోర్లించాను. రెండు బీడీ ముక్కలు, ఒక రూపాయి బిళ్ళ, బుడ్డల పొట్టు. తడిమి చూశాను. అడుగున లోపలి గుడ్డ ఒకచోట చిరిగి ఉంది. ఆ చిరుగులో వేలు పెట్టి మూల దాకా తోస్తే గట్టిగా, గుండ్రంగా, చిటికెన వేలంత పొడవున్నది తగిలింది. ఎర్రటి కేసు, పచ్చబడిన ఇత్తడి అడుగు. పేలని తూటా. ఎప్పటిదో ఆయనకే గుర్తులేదు. "లెక్కలో ఒకటి తగ్గింది, యాడ పోయిందా అనుకున్యా" అన్నాడు మెల్లగా.

అది శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఏమవుతుందో నా దగ్గర వేరే ఫైళ్ళు చెబుతాయి. విమానం పోతుంది. ఆయుధ చట్టం కింద కేసు. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972 నుంచీ చెబుతోంది, హైకోర్టులో కేసు కొట్టేయించుకోవచ్చు, కానీ కొట్టేయించుకునేసరికి ఏళ్ళు. ఆలోపు వీసా ఫారంలో ఆ అరెస్టు గడి మళ్ళీ. తూటా ఆయనకిచ్చి, లైసెన్సు మీద ఉన్న లెక్కలో కలిపి జమచెయ్యమన్నాను. ఖాకీ సంచి మా ఆఫీసులోనే వదిలేశాడు. మా గుమాస్తా ఆయనకు కొత్త సంచి కొనుక్కొచ్చాడు.

సూట్‌కేసులో బూట్లు. అట్టకట్టిన నల్లరేగడి మన్ను. మన దగ్గర పశువులకు గాలికుంటు ఉంది, అమెరికాలో 1929 తర్వాత లేదు. పొలంలో, పశువుల మధ్య తిరిగి వచ్చారా అని అక్కడి కస్టమ్స్ అడుగుతుంది, తిరిగానని నిజమే చెప్పాలి, బూట్లు మాత్రం శుభ్రంగా ఉండాలి. బ్రష్షుతో కడిగించే ఓపిక లేక, అక్కడే కొత్తవి కొనుక్కోమన్నాను. నాటుకోడి వేపుడు డబ్బా కూడా తీయించాను. ఊరగాయ మాత్రం ఆయనతోపాటే పోయింది, దాని గురించి నాకు ఏ చింతా లేదు.

ఇక ఇంట్లో మిగిలిన తుపాకీ. రెండు నెలలు లైసెన్సుదారు దేశంలోనే ఉండడు. భార్య పేరుమీదగానీ తమ్ముడి పేరుమీదగానీ లైసెన్సు లేదు, కాబట్టి వాళ్ళ దగ్గర వదిలితే వాళ్ళ మీదా ఈయన మీదా నేరమే. బీరువా తాళం వాళ్ళ చేతిలో ఉందంటే వాళ్ళ దగ్గర ఉన్నట్టే. తుపాకీ, తూటాలు స్టేషన్లో జమచేసి, నంబర్లు వేయించి రసీదు తీసుకున్నాం.

అక్కడ

వేట గురించి నాకు తెలిసింది ఫోన్లో విన్నదే. దక్షిణ టెక్సాస్ వైపు పోతే తిరుగుదారిలో సరీటా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. మెక్సికో సరిహద్దు అవతల కాదు, ఇవతలే, లోపలికి వచ్చాక. బండి ఆపి పౌరసత్వం అడుగుతారు. వెనక సీట్లో రైఫిల్ ఉన్న బండిలో టూరిస్టు వీసా మనిషి నోటిమాటతో నిలబడకూడదు. పాస్‌పోర్టు, అమెరికాలోకి వచ్చిన రికార్డు ఐ-94 ప్రింటు, వేట లైసెన్సు, రాంచ్ రసీదు, కొడుకు హెచ్-1బి మంజూరు కాగితం ఐ-797 ఒకే కవర్లో పెట్టించాను. ఆపారట, చూశారట, పొమ్మన్నారట. ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా, సరదాగా మెక్సికో ఊరు కూడా చూసొద్దామని కుర్రాడు అనుకున్నాడు. బండిలో ఒక్క తూటా ఉన్నా ఆ సరిహద్దు బ్రిడ్జి ఎక్కొద్దని ముందే చెప్పి ఉంచాను.

మనుబోతు కనబడింది గానీ చిక్కలేదు. రెండో రోజు పొద్దున ఒక పంది. పందులకి బ్రూసెల్లోసిస్ ఉంటుందని, కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోమని చెప్పి ఉన్నాను. వేసుకున్నాడో లేదో ఫొటోలో కనబడలేదు.

తిరిగి వచ్చాక

కొమ్ములు, తోలు, కోరలు, మాంసం, ఏదీ తేవద్దని మొదటిరోజే ఒప్పించి ఉన్నాను. వన్యప్రాణుల భాగాలు మన దేశంలోకి తేవడం దిగుమతి విధానంలో నిషేధమే. ఖాళీ గుల్ల కూడా వద్దన్నాను, ఎందుకంటే చట్టంలో తూటా అంటే తూటా భాగాలు కూడా. గుల్ల మాత్రం తేబోయాడు. మొదటి పంది గుర్తు కదా. కొడుకే ఎయిర్‌పోర్టుకు పోయేముందు జేబులోంచి తీసి ఉంచుకున్నాడట.

మార్చి 10న వచ్చాడు. 13న ఫారెస్టు వాళ్ళ నుంచి ఫోన్. పెద్దాయన ఫోన్లో పెట్టుకున్న స్టేటస్‌లో పంది ఫొటో చూసి ఎవరో చెప్పారు. కాగితాలు అడిగారు. రాంచ్ రసీదు, లైసెన్సు, పాస్‌పోర్టు మీద తేదీల ముద్రలు, తుపాకీ స్టేషన్లో జమ ఉన్న రసీదు, ఈ నాలుగూ ఒక పేజీ వివరణతో ఇచ్చాం. తుపాకీ జనవరి నుంచి స్టేషన్లోనే ఉందన్న రసీదుతో ఆ విషయం అక్కడే ఆగింది. వచ్చినాయన ఆఖర్న ఆ ఫొటో మళ్ళీ అడిగి చూసి, "ఇంత పెద్ద పందులుంటాయా అక్కడ?" అన్నాడు.

తుపాకీ వెనక్కి తెచ్చుకోవడానికి వెంటనే పొమ్మన్నాను. పెళ్ళిళ్ళనీ బోరు మోటారు రిపేరనీ వారం జరిపాడు. మార్చి 16న ఎలక్షన్ కోడ్ వచ్చింది. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో జమ చెయ్యమని చెప్పే రోజుల్లో జమ ఉన్నదాన్ని ఎవరు ఇస్తారు? మే 13 పోలింగు, జూన్ 4 కౌంటింగు, తర్వాత ఊళ్ళు చల్లబడేదాకా ఇంకొన్ని రోజులు. ఎండాకాలం బోరు కింద వేసిన బుడ్డల్ని పందులు తవ్విపోశాయి. టెక్సాస్‌లో ఒక పందిని కొట్టి వచ్చిన మనిషి పత్తికొండలో డబ్బా వాయించుకుంటూ కూర్చున్నాడు. జూన్ మూడో వారంలో తుపాకీ చేతికి వచ్చింది. ఖాకీ సంచి అడుగున దొరికిన తూటాతో కలిపి లెక్క సరిపోయింది.

ఆగస్టు 25కి నా ఫోన్లో ఒక అలారం పెట్టుకున్నాను, ఏటా మోగేలా. అది మోగినప్పుడు కుర్రాడికి ఒక్క మెసేజీ పెడతాను: లైసెన్సు కొన్నావా? 2024లో జవాబు ఫొటోతో సహా పది నిమిషాల్లో వచ్చింది. కింద పెద్దాయన మాట కూడా టైపు చేసి పంపాడు, ఈసారి మనుబోతు దొరికేదాకా వెనక్కి వచ్చేది లేదట.